హ్యాండిల్ మీద జీపీఎస్ కదలకుండా నిలవాలంటే

ప్రశ్న: నమస్కారమండి. మాది అనకాపల్లి. నాకు 350 సీసీ సింగిల్ సిలిండర్ బండి ఉంది. మొన్న చలికాలంలో నర్సీపట్నం మీదుగా లంబసింగి వెళ్తూ, ఆన్‌లైన్‌లో కొన్న ప్లాస్టిక్ హోల్డరులో ఫోను పెట్టి మ్యాపు చూసుకున్నాను. హ్యాండిల్‌కు గీతలు పడవని, కుదుపు కూడా తగ్గుతుందని సైకిల్ ట్యూబు ముక్కను మూడు మడతలు వేసి దాని మీద హోల్డరు బిగించాను. ఘాట్ రోడ్డు మొదలయ్యాక ఒక గుంతలో హోల్డరు గిర్రున కిందికి తిరిగిపోయింది. ఫోను ట్యాంకు మీద పడి, అక్కడి నుంచి రోడ్డు మీదికి జారింది. పగల్లేదు కానీ అప్పటి నుంచి కెమెరా తెరిస్తే బొమ్మ వణుకుతోంది. వచ్చే నెల మా ఆవిడతో కలిసి అరకు, కోరాపుట్ మీదుగా జగదల్‌పూర్ వెళ్లాలనుకుంటున్నాం. విడిగా జీపీఎస్ పరికరం కొనాలా? ఏది పెట్టినా ఊడిపోకుండా ఎక్కడ, ఎలా బిగించాలి? చార్జింగ్ వైరు ఎలా తీయాలి? పోలీసులు అభ్యంతరం పెడతారా? పాత హోల్డరునే మళ్లీ గట్టిగా బిగించుకుంటే సరిపోతుందా?

సమాధానం: మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఆ మూడు మడతల ట్యూబు ముక్క గురించి రాసిన వాక్యమే. గుంత వల్ల హోల్డరు తిరిగిందని మీరు అనుకుంటున్నారు. గుంత సాకు మాత్రమే. మెత్తని రబ్బరును పట్టుకున్న క్లాంపు నిజానికి హ్యాండిల్‌ను పట్టుకోలేదు. బిగించిన రోజున రాయిలా అనిపించినా, ఎండకూ వణుకుకూ ఆ మడతలు నెమ్మదిగా నలిగి పలచబడతాయి, మడతకూ మడతకూ మధ్య జారుడు మొదలవుతుంది, స్క్రూ ఒక్క చుట్టు కూడా వదులు కాకపోయినా పట్టు మాత్రం పోతుంది. గట్టిగా పట్టి ఉంచడం ఒక పని, కుదుపును మింగడం వేరొక పని. ఈ రెంటినీ ఒకే రబ్బరు ముక్కకు అప్పగిస్తే అది రెంటిలో దేన్నీ సరిగ్గా చేయలేదు. హ్యాండిల్ దగ్గర లోహం బిగువుగా పట్టుకోవాలి, కుదుపును మింగే మెత్తని భాగం పైన, పరికరం కూర్చునే చోటే ఉండాలి. ఇకపై చెప్పేదంతా ఈ మాట చుట్టూనే తిరుగుతుంది.

వణుకును తక్కువగా అంచనా వేయకండి. సింగిల్ సిలిండర్ ఇంజన్ నిమిషానికి 3,600 చుట్లు తిరుగుతున్నప్పుడు పిస్టన్ సెకనుకు 60 సార్లు పైకీ కిందికీ వెళ్లి వస్తుంది, ప్రతిసారీ బండికి ఒక తోపు తగులుతుంది. అంటే గంట ప్రయాణంలో హ్యాండిల్ మీది ప్రతి నట్టుకూ 2,16,000 చిన్న దెబ్బలు. గుంతలో పడ్డప్పుడు తగిలే పెద్ద దెబ్బ ఒక్కటే, కానీ అప్పటికే ఈ చిన్న దెబ్బలు మరలను వదులు చేసి సిద్ధంగా ఉంచుతాయి. బిగించిన వస్తువు బయలుదేరిన వెంటనే కాక రెండు మూడు గంటల తరువాత ఊడడానికి కారణం ఇదే.

మీ కెమెరా విషయంలో కిందపడిన దెబ్బనే నిందించనక్కర్లేదు. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి చేతి వణుకును సరిచేసే ఏర్పాటు ఉంది. అందులో లెన్సు గట్టిగా బిగించి ఉండదు, సన్నని స్ప్రింగుల మీద తేలుతూ, అయస్కాంతాల సాయంతో అటూ ఇటూ కదులుతుంది. శక్తిమంతమైన మోటారు సైకిల్ ఇంజన్ల ప్రకంపనలు ఫ్రేము, హ్యాండిల్ ద్వారా ఫోనుకు చేరి ఈ ఏర్పాటును దెబ్బతీయవచ్చని, అలాంటి బండ్లకు ఐఫోన్లను బిగించవద్దని ఆపిల్ సంస్థ 2021 సెప్టెంబరులో స్వయంగా హెచ్చరించింది. మోపెడ్లు, స్కూటర్ల వంటి చిన్న బండ్ల మీద పెట్టినా కుదుపు తగ్గించే మౌంటు (బండికి ఫోనును పట్టి ఉంచే సామాను) వాడమని అదే ప్రకటనలో సూచించింది. కాబట్టి ఫోను మార్చుకున్నాక, కొత్త ఫోనును మాత్రం నేరుగా హ్యాండిల్ మీద పెట్టవద్దని నా గట్టి సలహా.

మరి విడి పరికరం కొనాలా? మోటారు సైకిళ్ల కోసమే తయారైన గార్మిన్ జూమో వంటి పరికరాలకు మేలైన గుణాలు చాలా ఉన్నాయి. గ్లవ్స్ తొడుక్కున్న వేలితో పనిచేస్తాయి, మిట్టమధ్యాహ్నపు ఎండలోనూ తెర కనిపిస్తుంది, వానకు తడిసినా భయం లేదు, చార్జింగ్ ఇచ్చే ఊయల (పరికరం కూర్చునే తొట్టి) పరికరంతోపాటే వస్తుంది కనుక వైరు గుచ్చే రంధ్రం అరిగిపోయే బాధ ఉండదు. నెలకు రెండుసార్లు దూరాలు తిరిగేవారికి ఆ ఖర్చు తగినదే. మీరు ఏడాదికి ఒకటో రెండో పెద్ద ప్రయాణాలు చేసేవారైతే, ఇంట్లో సొరుగులో పడి ఉన్న పాత ఫోను చాలు. వణుకు సరిచేసే కెమెరా లేని మామూలు ఫోను అయితే ఇంకా మంచిది, అందులో వణుకుకు పాడయ్యేది తక్కువ. జీపీఎస్‌కు సిమ్ అవసరం లేదు, సంకేతాలు ఉపగ్రహాల నుంచే వస్తాయి. అనంతగిరి ఘాట్‌లోనూ అరకు దాటి ఒడిశాలోకి వెళ్లాకా నెట్‌వర్క్ లేని మేర తగులుతుంది కనుక, విశాఖ నుంచి బస్తర్ వరకు మ్యాపును ఇంట్లోనే వైఫై మీద డౌన్‌లోడ్ చేసి ఉంచుకోండి. మీ అసలు ఫోను జేబులో క్షేమంగా ఉంటుంది. అవసరం వచ్చినప్పుడు మాట్లాడడానికి చార్జింగ్ కూడా మిగులుతుంది.

ఇక బిగించే చోటు. హ్యాండిల్ గొట్టాన్ని ముందు ఫోర్కు మీద పట్టి ఉంచే రెండు క్లాంపులు మధ్యలో ఉంటాయి కదా, వాటికి వీలైనంత దగ్గరగా, ఎడమవైపు బిగించండి. గొట్టం మధ్యలో గట్టిగా పట్టి ఉంటుంది కనుక అక్కడ వణుకు తక్కువ, గ్రిప్పుల వైపు పోయేకొద్దీ ఎక్కువ. బండి నిలబెట్టి ఇంజన్ రేజ్ చేసి, ముందు గ్రిప్పు చివర, తరువాత క్లాంపు పక్కన వేలు ఆనించి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. ఎడమవైపు అని చెప్పడానికి కారణం, కుడిచేయి యాక్సిలరేటరును, ముందు బ్రేకును వదలకూడదు, బండి ఆపాక తెర ముట్టుకోవడానికి ఎడమచేయి వీలుగా ఉంటుంది. మీటరును, న్యూట్రల్ దీపాన్ని, ఇండికేటరు గుర్తును తెర కప్పకూడదు. తాళంచెవి తిప్పడానికి అడ్డు రాకూడదు.

అద్దం కాడకు బిగించే మౌంట్లు అంగట్లో చాలా దొరుకుతాయి. నాకు అవి నచ్చవు. పొడవాటి కాడ చివరన బరువు పెట్టినట్టు అవుతుంది, పార్కింగ్‌లో ఎవరైనా అద్దాన్ని తాకి వెళ్తే మౌంటు కూడా దానితోపాటు తిరుగుతుంది. తప్పనిసరై అక్కడే పెట్టుకోవాల్సివస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి, యమహా బండ్లకు కుడి అద్దం మరలు ఎదురు తిరుగుతాయి, తెలియక బలంగా తిప్పితే మరలు చెడతాయి. ముందు బ్రేకు ఆయిలు డబ్బాను పట్టి ఉంచే బోల్టులకు మౌంటు తగిలించేవారూ ఉన్నారు. దారి చూసుకునే వస్తువు కోసం బ్రేకు భాగాన్ని కదపడం సబబు కాదు.

మౌంటు కొనే ముందు హ్యాండిల్ లావు కొలవండి. వెర్నియర్ లేకపోతే ఒక దారాన్ని బిగించే చోట ఒక్క చుట్టు చుట్టి, ఆ దారం పొడవును స్కేలు మీద చూడండి. 69 మిల్లీమీటర్ల దగ్గర వస్తే గొట్టం లావు 22 మిల్లీమీటర్లు, మన రోడ్ల మీది ఎక్కువ బండ్లకు ఉండేది ఇదే. 80 వస్తే 25.4, 90 వస్తే 28.6 మిల్లీమీటర్లు. కొన్ని హ్యాండిళ్లు మధ్యలో లావుగా, చివర్లలో సన్నగా ఉంటాయి కనుక సరిగ్గా బిగించబోయే చోటే కొలవాలి. ఈ కొలతకు సరిపోయే లోహపు పీటను, అంటే గొట్టాన్ని పట్టుకునే మౌంటు అడుగు భాగాన్ని తీసుకోండి. యూ ఆకారపు బోల్టు గొట్టాన్ని చుట్టి, రెండు కాళ్లకూ నట్లు పడే రకం నాకు అన్నిటికన్నా నమ్మకమైనదిగా తోచింది. హ్యాండిల్ మీది నూనెను, పాలిష్‌ను గుడ్డతో తుడిచి, పొడిగా చేసి, పీటతోపాటు వచ్చిన పలుచని రబ్బరు పట్టీని ఒక్క పొరగా వేయండి. అంతకు మించి వద్దు. రెండు నట్లనూ ఒకేసారి చివరి దాకా బిగించకుండా, ఇటు అర చుట్టు, అటు అర చుట్టు చొప్పున బిగిస్తూ పోతే రెండువైపులా సందు సమానంగా ఉంటుంది. ఒకవైపు సందు మూసుకుపోయి రెండోవైపు తెరుచుకుని ఉంటే పట్టు సగమే. నట్లు లోపల నైలాన్ వలయం ఉన్న రకమైతే వణుకుకు అంత సులువుగా వదులు కావు. అలెన్ స్క్రూలు పడే మౌంటు అయితే మరల మీద నీలిరంగు లాక్టైట్ (మరలు వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) ఒక చుక్క వేసి, ఒక రాత్రి ఆరనివ్వండి. అయితే ఈ మందు ప్లాస్టిక్‌ను పగలగొట్టగలదు, లోహం మీద తప్ప వేయకండి.

పీట మీద గుండు, ఆ గుండును పట్టుకునే చేయి, చేయి చివర పరికరం పట్టే తల, ఇదీ మంచి మౌంట్ల నిర్మాణం. ర్యామ్ వంటి సంస్థల మౌంట్లలో అంగుళం లావు గుండు మీద రబ్బరు పూత ఉంటుంది, దాన్ని రెండు చిప్పలు పట్టుకుంటాయి, ఒక్క మర తిప్పితే రెండు కొసలూ ఒకేసారి బిగుసుకుంటాయి. ఇక్కడ మీరు పాటించాల్సింది ఒక్కటే, చేయి ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. అంగుళం గుండుకు 9 సెంటీమీటర్ల పైచిలుకు ఉన్న చేయి, సుమారు 6 సెంటీమీటర్ల చేయి రెండూ దొరుకుతాయి. దుకాణంలో పొడుగుది ఆకర్షిస్తుంది, తెరను కంటికి దగ్గరగా తేవచ్చనిపిస్తుంది. కానీ 250 గ్రాముల బరువును పొడవాటి చేయి చివర పెడితే, ప్రతి గుంతలోనూ పీట దగ్గర పడే మెలిక ఆ పొడవుకు తగ్గట్టు పెరుగుతుంది. కుదుపు మింగే డ్యాంపరును ఈ చేతికీ పరికరం తలకూ మధ్య పెట్టండి. చిన్న రబ్బరు లేదా సిలికాన్ గుండీల మీద తల తేలుతూ ఉండే రకం విడిగా అమ్ముతారు. దాన్ని చేత్తో కదిపితే కొంచెం ఊగుతుంది, అది లోపం కాదు, దాని పని అదే.

పరికరాన్ని పట్టే తల విషయంలో, నాలుగు మూలలనూ పట్టుకుని వెనక నుంచి లాక్ పడే రకం తీసుకోండి. ఒక్క అయస్కాంతం మీద ఆధారపడే హోల్డర్లు కారుకు సరిపోతాయేమో గానీ ఘాట్ రోడ్డు మీది బండికి పనికిరావు. ఇంత చేసిన తరువాత కూడా ఒక తాడు కట్టండి. సన్నని నైలాన్ తాడు లేదా ప్లాస్టిక్ తొడుగున్న ఉక్కు తీగ, ఒక కొస పరికరానికి, రెండో కొస హ్యాండిల్‌కు. మౌంటుకు కడితే మౌంటే ఊడిపోయినప్పుడు తాడు ఉన్నా లేనట్టే. దాని పొడవు జానెడు లోపే ఉండాలి. పరికరం ఊడి వేలాడినప్పుడు ముందు చక్రాన్ని గానీ, ఫోర్కుకూ ట్యాంకుకూ మధ్యనున్న సందును గానీ అందుకోకూడదు. ఫోను పోవడం కన్నా, పడిన ఫోను చక్రంలోనో హ్యాండిల్ తిరిగే చోటనో ఇరుక్కోవడం ఎక్కువ ప్రమాదం. వెనక మీ ఆవిడ కూర్చుని ఉంటారన్నది మరిచిపోకండి.

వైరు పని మీరే చేసుకోవచ్చు, కానీ తొందరపడి కాదు. బండి బ్యాటరీ 12 వోల్టులు ఇస్తుంది, పరికరానికి 5 వోల్టులు కావాలి కనుక మధ్యలో నీళ్లు చొరని యూఎస్‌బీ చార్జరు ఉండాలి. బ్యాటరీ ప్లస్ నుంచి బయలుదేరే వైరుకు, బ్యాటరీకి జానెడు దూరం లోపే 3 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. ఫ్యూజు చార్జరును కాపాడడానికే అనుకుంటారు చాలామంది. ఫ్రేముకు ఒరుసుకుని వైరు తొడుగు చిరిగినప్పుడు, వైరు కాలి మంట లేవకుండా ఆపేది ఆ ఫ్యూజే. అందుకే దాన్ని చార్జరు దగ్గర పెడితే ప్రయోజనం లేదు. తాళంచెవి తీయగానే చార్జింగ్ ఆగిపోయేలా రిలే (తాళంచెవి తిప్పితేనే కరెంటు వదిలే స్విచ్చు) ద్వారా కలపమని ఎలక్ట్రీషియన్‌ను అడగండి. కంపెనీ వైర్లను మధ్యలో కోయవద్దని కూడా ముందే చెప్పండి, కోసిన చోటు తరువాత తుప్పు పడుతుంది, వారంటీ విషయంలో మాట పడే అవకాశం కూడా ఉంది. చార్జరు నుంచి పరికరానికి వెళ్లే కేబుల్‌ను, పిన్ను నుంచి నాలుగు వేళ్ల దూరంలో మౌంటు చేతికి ఒక టైతో కట్టండి. అప్పుడు కేబుల్ ఊగినా పిన్ను ఊగదు. వాన నీరు కేబుల్ వెంట జారి రంధ్రంలోకి పోకుండా, పిన్నుకు ముందు కేబుల్ ఒకసారి కిందికి దిగి మళ్లీ పైకి వెళ్లేలా వంపు ఉంచండి. వానలో ఫోనుకు చార్జింగ్ పెట్టవద్దు, తడవదన్న ఫోను అయినా సరే. ఎండలో కూడా జాగ్రత్త అవసరం. ఐఫోన్లను 35 డిగ్రీల వేడి వరకే వాడమని తయారీదారులే చెబుతారు, మన వేసవి దాన్ని దాటిపోతుంది, ఫోను వేడెక్కితే చార్జింగ్ తనంతట తానే ఆగిపోతుంది.

వైర్లన్నీ కట్టాక చేయాల్సిన పరీక్ష ఒకటుంది, దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ వదలకండి. బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, న్యూట్రల్‌లో ఇంజన్ ఆన్ చేసి, హ్యాండిల్‌ను ఎడమ చివరి దాకా, కుడి చివరి దాకా నెమ్మదిగా తిప్పండి. ఇంజన్ చప్పుడు ఏమాత్రం మారకూడదు. కొన్నేళ్ల క్రితం నేను ఒక చార్జింగ్ కేబుల్‌ను అందంగా కనిపించాలని యాక్సిలరేటరు వైరుతో కలిపి బిగువుగా కట్టాను. ఇంటి ముందు బాగానే ఉంది. మరునాడు ఒక ఇరుకు సందులో బండిని పూర్తిగా ఎడమకు తిప్పగానే ఆ కేబుల్ బిగుసుకుని యాక్సిలరేటరు వైరును లాగింది, నేను గ్రిప్పు తిప్పకుండానే ఇంజన్ రేజ్ అయింది, బండి ముందుకు దూకింది. ఎదురుగా గోడ కాక గడ్డివామి ఉండడం వల్ల బతికిపోయాను. అప్పటి నుంచి యాక్సిలరేటరు, క్లచ్, బ్రేకు వైర్లకు మరే వైరునూ కట్టను. హ్యాండిల్ తిరిగే మెడ దగ్గర కేబుల్‌కు అదనంగా ఒక వంపు వదులుతాను. పొట్టి తాడుకు కూడా ఇదే పరీక్ష వర్తిస్తుంది.

బిగువు పరీక్ష ఇంకా సులువు. మౌంటు పీటను పిడికిట పట్టి బండి మెడను అటూ ఇటూ తిప్పండి, హ్యాండిల్ మొత్తం మీ చేతితోపాటు కదలాలి, పీట మాత్రం గొట్టం మీద వెంట్రుకవాసి కూడా తిరగకూడదు. తరువాత ఇంట్లో ఉన్న నెయిల్ పాలిష్‌తో, నట్టు మీదుగా పీట మీదికి, పీట మీదుగా హ్యాండిల్ మీదికి ఒక్కొక్క సన్నని గీత గీయండి. గీత విరిగి పక్కకు జరిగిందంటే ఏదో కదిలిందని, ఏది కదిలిందో కూడా స్పానరు ముట్టకుండానే తెలుస్తుంది. అనకాపల్లి చుట్టుపక్కల స్పీడు బ్రేకర్లు ఉన్న రోడ్డు మీద ఒక పది కిలోమీటర్లు తిరిగి వచ్చి చూడండి. రబ్బరు పట్టీ సర్దుకుని ఉంటుంది కనుక నట్లను ఒకసారి బిగించాల్సి రావచ్చు, బిగించి గీత మళ్లీ గీయండి. ప్రయాణం రోజున శృంగవరపుకోట దగ్గర, ఘాట్ ఎక్కబోయే ముందు, టీకి ఆగినప్పుడు మరోసారి చూడండి. ఆ తరువాత రోజూ పొద్దున్నే గాలి, చైను చూసుకునేటప్పుడు దీన్నీ చూస్తే చాలు.

పోలీసుల విషయానికి వస్తే, కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం 2020 అక్టోబరు 1 నుంచి, వాహనం నడిపేవారు ఫోను వంటి పరికరాన్ని దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ ఏకాగ్రత చెడని విధంగా వాడవచ్చు. కాబట్టి హ్యాండిల్ మీద బిగించిన మ్యాపుకు అభ్యంతరం ఉండనక్కర్లేదు. అదే ఫోనును చేత్తో పట్టుకుని నడిపితే, లేదా మాట్లాడుతూ నడిపితే జరిమానా తప్పదు. జరిమానా సంగతి అలా ఉంచి, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. రెండు సెకన్లు తెర వైపు చూస్తే 33 మీటర్ల రోడ్డును చూడకుండా దాటినట్టు. అనంతగిరి మలుపుల్లో ఎదురుగా లారీ రావడానికి అంత దూరం అక్కర్లేదు. అందుకే తెరను ట్యాంకు మీద కాక మీటరు ఎత్తులో పెట్టమంటున్నాను, తల వంచకుండా చూపు మాత్రమే దించితే కనిపించాలి. గమ్యం పెట్టడం, మార్చడం బండి ఆపాకే. మలుపుల దగ్గర మ్యాపును మీ ఆవిడ తన ఫోనులో చూసి చెప్పగలిగితే అంతకన్నా మంచిది లేదు.

చివరగా మీ పాత హోల్డరు. దాన్ని మళ్లీ బిగించవద్దు. ప్లాస్టిక్ ఒకసారి అలా తిరిగాక లోపల నట్టు కూర్చునే ఆరు మూలల గుంట గుండ్రంగా అరిగిపోయి ఉండవచ్చు, అప్పుడు ఎంత తిప్పినా స్క్రూతోపాటు నట్టు కూడా తిరుగుతూనే ఉంటుంది. దాన్ని పారేసి, ఆ ట్యూబు ముక్కను మాత్రం ఉంచండి. ఒక్క పొరగా కత్తిరించి, తాడు కొస హ్యాండిల్‌ను ఒరుసుకునే చోట కింద వేయడానికి అది పనికొస్తుంది.